లాటరీ తగిలినవాళ్ల పేరు ఊరందరికీ ఎందుకు?

అమెరికాలో పవర్‌బాల్ లాటరీ జాక్‌పాట్ పెరిగినప్పుడల్లా మన తెలుగువాళ్లు ఆఫీసుల్లో తలా కొంత వేసుకుని టికెట్లు కొంటుంటారు. తగిలితే ఏ ఇల్లు కొనాలి, ఊళ్లో ఎవరి అప్పు తీర్చాలి అని లంచ్ టైమంతా అవే కబుర్లు. పేరు బయటికి పొక్కకుండా ఏం చేయాలన్న మాట మాత్రం ఎవరి నోటా రాదు. నన్నడిగితే ముందు ఆలోచించాల్సింది అదే.

2018 జనవరిలో న్యూ హ్యాంప్‌షైర్‌లో ఒకావిడకు దాదాపు 56 కోట్ల డాలర్లు తగిలాయి. లాటరీ సంస్థ వెబ్‌సైట్‌లో చెప్పినట్టే టికెట్ వెనక సంతకం పెట్టేసింది. తర్వాత లాయర్ దగ్గరికి వెళ్తే అసలు సంగతి తెలిసింది. ముందే ట్రస్ట్ (మన ఆస్తిని మన తరఫున ఇంకొకరు చూసుకునే చట్టబద్ధమైన ఏర్పాటు) పెట్టి, దాన్ని చూసుకునే ట్రస్టీ చేత సంతకం చేయించి ఉంటే రికార్డుల్లో ఆమె పేరే ఉండేది కాదట. ఇప్పుడు సంతకం దిద్దితే టికెట్టే చెల్లదు. పాపం, పేరు దాచుకోవడానికి ‘జేన్ డో’ అనే మారుపేరుతో కోర్టుకెక్కాల్సి వచ్చింది. పేరు చెప్పక్కర్లేదు, ఊరి పేరు మాత్రం చెప్పొచ్చని మార్చిలో తీర్పు వచ్చింది.

నాకు ఒళ్లు మండేది ఇక్కడే. లాయర్ దగ్గరికి ముందు వెళ్లినవాళ్లకు దొరికే రక్షణ, చెప్పినట్టు నడుచుకున్న మనిషికి ఎందుకు దొరకదు?

ఇది ఉత్తుత్తి భయం కాదు. ఫ్లోరిడాలో 2006లో 3 కోట్ల డాలర్ల లాటరీ గెలిచినాయన దగ్గరికి, నీ మీద పుస్తకం రాస్తానంటూ ఒకావిడ చేరింది. 2009లో ఆయన హత్యకు గురయ్యాడు. శవం 2010లో కాంక్రీటు పలక కింద దొరికింది. చంపింది ఆవిడేనని కోర్టు తేల్చింది. మన పక్కన కేరళలో 2022 ఓణం బంపర్‌లో 25 కోట్లు గెలిచిన ఆటో డ్రైవర్, సాయం అడిగేవాళ్ల తాకిడికి ఇంట్లో ఉండలేకపోతున్నానని, ఎందుకు గెలిచానా అనిపిస్తోందని కొద్ది రోజులకే వీడియోలో మొత్తుకున్నాడు. గల్ఫ్‌లో డ్రా తగిలిన మనవాళ్ల పేరు, ఊరు, ఫోటో మన చానళ్లు ఊరూరా చూపించేస్తాయి. వాళ్ల పిల్లలు ఆ ఊళ్లోనే బడికి వెళ్లాలి కదండీ!

పేర్లు దాస్తే మోసాలు జరుగుతాయంటారు. నిజమే, అయోవాలో జరిగింది. 2010 నాటి హాట్ లాటో అనే లాటరీ టికెట్‌ను బెలిజ్‌లోని ఒక ట్రస్ట్ పేరు మీద క్లెయిమ్ చేశారు. అసలు మనిషెవరో చెబితేనే డబ్బు ఇస్తామని లాటరీ సంస్థ పట్టుబట్టింది. చెప్పలేక క్లెయిమే వదులుకున్నారు. చివరికి నంబర్లు తీసే కంప్యూటర్‌లో మతలబు చేసింది ఆ లాటరీల సెక్యూరిటీ అధికారి ఎడ్డీ టిప్టనే అని బయటపడింది. డబ్బు చేతికి అందకుండా ఆపింది సంస్థ వేసిన ప్రశ్నే. కాబట్టి లాటరీ సంస్థకు తెలియాలి, పన్నుల శాఖకు తెలియాలి. వీధి చివర ఉండేవాడికి ఎందుకు?

టెక్సస్‌లో పది లక్షల డాలర్లు, ఆపైన తగిలితే పేరు చెప్పక్కర్లేదు. న్యూజెర్సీలో 2020 నుంచి ఆ వీలుంది. కాలిఫోర్నియాలో మాత్రం పూర్తి పేరు ఇంకా బయటపెడుతూనే ఉన్నారు. అక్కడి మనవాళ్లు తమ ప్రతినిధులకు ఉత్తరాలు రాయాలి. ‘సంతకం పెట్టేముందు లాయర్‌ను కలవండి’ అని టికెట్ వెనక ఒక్క ముక్క అచ్చు వేయడానికైతే చట్టం మారేదాకా ఆగాల్సిన పని కూడా లేదు.