మమ్మల్ని పట్టించుకోకండి స్వామీ

అమెరికన్ గాయకుడు, పాటల రచయిత బాబ్ డిలన్ మీద తరచూ వినబడే ఆరోపణలకు బాధ్యత గల అభిమానిగా జవాబు చెప్పక తప్పడం లేదు. ఎనభై దాటిన మనిషి మసక వెలుగులో పియానో వెనక కూర్చుంటాడట. జనం ఆశపడి వచ్చిన పాత పాటలు చాలావరకు వదిలేసి, 2020లో వచ్చిన ఆల్బమ్ పాటలు ఒకదాని తర్వాత ఒకటి పాడేస్తాడట. బాగున్నారా అని అడగకుండానే లేచి వెళ్లిపోతాడట. దానికి మేం డాలర్లు పోసి టికెట్లు కొంటామట. అన్నీ నిజాలే. ఇందులో తప్పేముందన్నదే మా ప్రశ్న.

మన దగ్గర హీరో ప్రీ రిలీజ్ ఫంక్షన్‌కి వచ్చి, అభిమానులే నా దేవుళ్లని చేతులు జోడించి, జాగ్రత్తగా ఇంటికెళ్లండని మరీ మరీ చెప్పి పంపిస్తాడు. అంత గారాబానికి అలవాటుపడ్డవాళ్లకు డిలన్ ఒంటబట్టడం కష్టం. అమెరికాలో ఉండే మా బావమరిదిని ఓ కచేరీకి తీసుకెళ్లాను. అరగంట గడిచాక నా వైపు వంగి, "బావా, మెయిన్ సింగర్ ఎప్పుడొస్తాడు?" అన్నాడు. వచ్చి అరగంటయిందని చెప్పాను. ఫోన్ తీసి జూమ్ చేసి నిర్ధారించుకుందామనుకున్నాడు కానీ, గేటు దగ్గరే ఫోన్లన్నీ సంచుల్లో పెట్టించి తాళం వేశారు. పాపం, ఆ రెండు గంటలూ పాటలు వినడం తప్ప వేరే దారి లేకపోయింది.

అరుదుగా పాత పాట ఎత్తుకున్నా, అదే పాట అని చెప్పడానికి ఆధారాలు వెంటనే దొరకవు. ట్యూను మారిపోయి ఉంటుంది, నడక మారిపోయి ఉంటుంది, ఒక్కోసారి మాటలు కూడా. రెండో చరణానికి తెలిసిందంటే ఆ రాత్రి మనది. పక్క సీటువాడి కంటే అర నిమిషం ముందు గుర్తుపట్టి, ఆ సంగతి వాడికి తెలిసేలా తలాడించడంలో ఉన్న సుఖం, మొదటి బీటుకే ఈలలు వేసే జాతికి ఎప్పటికీ తెలియదు.

ఈ సంప్రదాయం నిన్నా మొన్నా పుట్టింది కాదు. 1965 జులై 25న అమెరికాలోని న్యూపోర్ట్ జానపద ఉత్సవంలో, మామూలు గిటార్‌తో జానపదం పాడతాడని జనం ఎదురుచూస్తుంటే, ఆయన ఎలక్ట్రిక్ గిటార్ తగిలించుకుని వచ్చాడు. జనం గోల చేశారు. గిటార్ నచ్చక చేశారా, సౌండ్ బాగోలేక చేశారా, బ్యాండుతో మూడు పాటలకే దిగిపోయాడని చేశారా అని మా పండితులు అరవయ్యేళ్లుగా వాదించుకుంటూనే ఉన్నారు. మరుసటి ఏడాది మే 17న ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌లో, అదే ఎలక్ట్రిక్ గిటార్ చూసి ఒక భక్తుడు హాలంతా వినబడేలా "జూడాస్!" అని అరిచాడు, అంటే గురుద్రోహీ అని. "నిన్ను నమ్మను, నువ్వు అబద్ధాలకోరువి" అన్నాడు డిలన్. ఆయన ప్రేక్షకులతో మాట్లాడడని నిందించేవాళ్లు ఈ సంభాషణను గమనించాలి. రామదాసు రాముణ్ణి నిలదీశాడంటే గోల్కొండ చెరలో పడ్డాక నిలదీశాడు. మాంచెస్టర్ భక్తుడు సొంత డబ్బుతో టికెట్ కొనుక్కొచ్చి మరీ తిట్టాడు. ఎవరి భక్తి ఒక మెట్టు పైదో పాఠకులే తేల్చుకోవాలి. ఆ అరుపు నాదేనని తర్వాత ఒకరికి మించి ముందుకొచ్చారంటే ఆ తిట్టుకున్న గౌరవం అర్థమవుతుంది. ఇంకో సంగతి. ఆ కచేరీ దొంగ రికార్డింగు ఏళ్ల తరబడి లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్‌దన్న పేరుతో చేతులు మారింది. ఊరే తప్పు. అయినా మా తన్మయత్వంలో లోటు రాలేదు.

1970 ప్రాంతంలో న్యూయార్క్‌లో ఒకాయన డిలన్ ఇంటి ముందు చెత్తబుట్ట వెతికి, పాటల అర్థాలు అందులో ఉంటాయని శాస్త్రం తయారుచేశాడు. ఆయన్ని మేం సమర్థించం. కానీ 2015లో సంగీత సంస్థే 1965, 66 నాటి స్టూడియో టేపుల్లో దొరికిన ప్రతి ముక్కా ఏరి, 18 డిస్కుల పెట్టెలో సర్ది, 5000 పెట్టెలే అని చెప్పి అమ్మితే, క్యూ కట్టి కొన్నాం. అందులో ఒక డిస్కు నిండా ఒకే పాట. ఆగిపోయినవి, తప్పిపోయినవి, కుదిరాక కూడా మళ్లీ పాడినవి అన్నీ ఉంటాయి. ఇంట్లోవాళ్లు ఇదేం పిచ్చి అంటే, పరిశోధన అన్నాం.

మధ్యలో ఆయన క్రైస్తవ భక్తి గీతాలు పాడాడు, లోదుస్తుల ప్రకటనలో కనిపించాడు, క్రిస్మస్ పాటల ఆల్బమ్ చేశాడు. ప్రతిదానికీ మా దగ్గర వివరణ ఉంది. లోదుస్తులకు మాత్రం కొంచెం టైమ్ పట్టింది.

పట్టించుకోనివాడే దేవుడన్న మా సిద్ధాంతానికి అంతర్జాతీయ గుర్తింపు 2016లో వచ్చింది. అక్టోబర్ 13న ఆయనకు సాహిత్యంలో నోబెల్ ప్రకటించారు. రెండు వారాల పాటు ఆయన ఉలకలేదు, పలకలేదు. ఆ బహుమతి ఇచ్చే స్వీడిష్ అకాడమీ సభ్యుడొకరు మర్యాద లేదు, పొగరు అని నొచ్చుకున్నారు. స్వీడన్ పెద్దమనుషులు రెండు వారాలకే అలా అయిపోతే, మేం ఇన్నేళ్లుగా ఎంత నిబ్బరంగా ఉన్నామో లోకానికి అప్పుడు తెలిసింది. డిసెంబర్ సభకు ఆయన వెళ్లలేదు. అమెరికన్ గాయని ప్యాటీ స్మిత్ వచ్చి ఆయన పాట పాడుతూ తడబడి, క్షమించండి అని మళ్లీ అందుకున్నారు. మరుసటి ఏప్రిల్‌లో కచేరీల కోసం ఎలాగూ స్టాక్‌హోమ్ వెళ్లాలి కాబట్టి పతకం అప్పుడు తీసుకున్నాడు. ఉపన్యాసం ఇస్తేనే డబ్బు అన్న నిబంధన ఉంది. గడువు ముగియబోతుండగా జూన్‌లో అది రికార్డు చేసి పంపించాడు. నేనూ కరెంటు బిల్లు అలాగే కడతాను, కానీ దాన్ని ఇంట్లో ఎవరూ తాత్వికత అనరు.

ఇక శుద్ధమైన డిలన్ భక్తి చూడాలంటే అమెరికా దాకా పోనక్కర్లేదు, షిల్లాంగ్ వెళ్లాలి. లూ మాజా అనే గాయకుడు 1972 నుంచి ఏటా మే 24న అక్కడ డిలన్ పుట్టినరోజు కచేరీ చేస్తున్నాడు. పొట్టి జీన్స్ నిక్కరు, చేతిలో గిటార్. దేవుడు రాని ఉత్సవం ఇన్ని దశాబ్దాలు నడిచిందంటే మా వాదనకు అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? వెళ్దామనే ఉంది. ఒక్క విషయంలోనే తటపటాయిస్తున్నాను. అక్కడ పాడే మనిషి ప్రేక్షకుల్ని చూసి నవ్వుతాడట. పాట మొదలవగానే అది ఏ పాటో కూడా తెలిసిపోతుందట.