నూటికి ముప్పై, నోటికి తాళం

మొన్న రాత్రి పదకొండు దాటాక ఫోన్లో ఒక నవల శాంపిల్ చదువుతున్నాను. తలుపు చప్పుడైంది, ఆవిడ వెళ్లి గడియ తీసింది. ఎదురుగా ఎవరున్నారో చెప్పకుండానే శాంపిల్ అయిపోయింది. సరే, కొనేద్దాం అని చూస్తే కొనే బటన్ లేదు. ధర లేదు. పోనీ ఎక్కడ దొరుకుతుందో అదీ లేదు. పేజీ పైకీ కిందికీ జరిపాను, సెట్టింగ్స్‌లోకి వెళ్లొచ్చాను, ‘సహాయం’ నొక్కాను. పుస్తకాలు అమ్ముకుని బతికే కంపెనీ, డబ్బు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ మనిషి ముందు మౌనవ్రతం పట్టింది.

చాలామంది దీన్ని యాప్‌లో లోపం అనుకుంటారు. అపచారం! ఇది లోపం కాదు, యాప్ స్టోర్ నేర్పిన క్రమశిక్షణ. యాప్ స్టోర్ల మీద నోరు పారేసుకునే వాళ్లు రోజురోజుకీ ఎక్కువవుతున్నారు కాబట్టి, వాటి తరఫున ఎవరో ఒకరు మాట్లాడక తప్పదు. నన్నెవరూ అడగలేదు. అయినా మాట్లాడతాను.

ముందు ముప్పై సంగతి. 2008లో యాపిల్ తన యాప్ స్టోర్ తెరిచిన రోజు నుంచీ, అక్కడ జరిగే అమ్మకాల్లో స్టోర్ కమిషన్ నూటికి ముప్పై అన్న అంకె ధ్వజస్తంభంలా పాతుకుని ఉంది. రెండో ఏడాదిలో పడ్డ చందాలకు పదిహేను, చిన్న వ్యాపారులకు పదిహేను అని తర్వాత కాస్త కనికరించారు కానీ మూలవిరాట్టు మాత్రం ముప్పైయే. గూగుల్ కూడా అదే అంకెతో మొదలుపెట్టింది. ఇద్దరికీ విడివిడిగా ఒకే లెక్క తట్టిందంటే అది దైవసంకల్పం కాక మరేమిటి? రచయిత రాశాడు, పాఠకుడు డబ్బు తీశాడు, వరం దాదాపు ఇచ్చేసినట్టే. కానీ పూజారి కూడా ఇవ్వాలిగా!

ఈ లెక్కలో ఉన్న వేదాంతం మనవాళ్లకు అర్థం కావడం లేదు. అదే ఫోన్లో షాపింగ్ యాప్ తెరిచి అచ్చు పుస్తకం కొనండి. యాపిల్ మీ దగ్గర ఒక్క పైసా ముట్టదు. చేత్తో పట్టుకునే వస్తువుకి స్టోర్ చెల్లింపు పద్ధతి వాడకూడదు, వేరే పద్ధతే వాడాలి అని నిబంధనల్లోనే ఉంది. అంటే చెట్టు నరికి, కాగితం చేసి, అచ్చేసి, లారీకెత్తి, గుమ్మం దాకా మోసుకొస్తే కమిషన్ సున్నా. అవే అక్షరాలు బరువూ బాదరబందీ లేకుండా గాల్లో వస్తే ముప్పై. ఏ సుంకమైనా సరుకు బరువును బట్టి పెరగడం లోకంలో చూశాం, బరువు లేదని పెరగడం ఇక్కడే.

ఇంకో నిబంధన ఉంది, అది నాకు మరీ ఇష్టం. ఒక మనిషి ఇంకో మనిషికి ప్రత్యక్షంగా చేసే సేవ, ట్యూషన్ చెప్పడం లాంటిది, అయితే డబ్బు యాప్ బయటి పద్ధతిలో తీసుకోవచ్చు. వినేవాళ్లు ఇద్దరో ముగ్గురో అయ్యారా, స్టోర్ గల్లా పెట్టె ద్వారానే పోవాలి. కాబట్టి యాప్‌లో డబ్బు తీసుకుని కథలు చెప్పే బామ్మ ఒక్క పిల్లాడికి చెప్పినంతసేపూ రుసుము లేదు. పక్కింటి బుడ్డోడు కూడా వచ్చి చేరాడంటే ఆవిడ ఎవరికి ఎంత ఇవ్వాలో లెక్క మొదలు. రచయితలకు నా సలహా ఏమిటంటే, పుస్తకాన్ని అమ్మకండి. పాఠకుడికొక్కడికీ ఫోన్ చేసి చదివి వినిపించండి. వెయ్యిమంది పాఠకులుంటే వెయ్యిసార్లు. గొంతు పోతుంది, ముప్పై మిగులుతుంది.

ఈ క్రమశిక్షణ 2011లో గట్టిపడింది. యాప్‌లో పుస్తకాలూ పత్రికలూ అమ్మేవాళ్లు స్టోర్ చెల్లింపు పద్ధతే వాడి ముప్పై కట్టాలన్నారు. బయట అంతకన్నా తక్కువకు అమ్మకూడదని కూడా మొదట అన్నారు, కాస్త గోల జరిగాక ఆ మాట వెనక్కి తీసుకున్నారు. బయటికి దారి చూపించే బటన్లు మాత్రం ఉండకూడదన్నారు. అప్పట్లో ఐఫ్లో రీడర్ అని ఒక చిన్న ఈ-బుక్ యాప్ ఉండేది. ఆ రోజుల్లో పెద్ద ప్రచురణకర్తలు ధర తామే పెట్టి, డెబ్బై తాము తీసుకుని, అమ్మినవాడికి ముప్పై ఇచ్చేవారు. పది డాలర్ల పుస్తకం అమ్మితే ప్రచురణకర్తకు ఏడు, ఐఫ్లో వాళ్లకు మూడు. ఇప్పుడు అందులోంచి యాపిల్‌కి మూడు. ఒకటో తరగతి పిల్లాడిని అడిగినా మిగిలిందెంతో చెబుతాడు. వాళ్లూ ఆ కూడికలూ తీసివేతలూ వేసుకుని 2011 మే 31న దుకాణం మూసేశారు. యాపిల్‌కి అప్పటికి ఏడాదిగా సొంత పుస్తకాల కొట్టు ఉంది. ఆ కొట్టు కూడా నిబంధన ప్రకారం ముప్పై కట్టే ఉంటుంది లెండి, కుడి జేబులోంచి ఎడమ జేబులోకి.

ముప్పై మీద ఇంతసేపు మాట్లాడాను గానీ, నిజానికి అది పెద్ద విషయం కాదు. దళారీ కమిషన్ తీసుకోవడం లోకంలో కొత్తా? ఈ వ్యవస్థలో అసలు కళాఖండం మౌనం. ఏళ్ల తరబడి నడిచిన నియమం ఇది: ‘మా వెబ్‌సైట్లో కొనుక్కోండి’ అని అమ్మేవాడు చెప్పకూడదు. లింకు ఇవ్వకూడదు. కమిషన్ ఉందని కూడా అనకూడదు. 2020లో ఫేస్‌బుక్ తన యాప్‌లో, టికెట్టు పెట్టి చూసే ఆన్‌లైన్ కార్యక్రమాల దగ్గర, ఈ చెల్లింపులో ముప్పై శాతం యాపిల్‌కి పోతుందని ఒక్క వాక్యం రాయబోతే, అది కొనేవాడికి అక్కర్లేని సమాచారమని తోసిపుచ్చారు. నిజమే. తన డబ్బు ఎటు పోతోందో డబ్బిచ్చేవాడికి ఎందుకు?

2021లో యాపిల్ వాళ్లు జపాన్‌లో వాణిజ్య నియంత్రణ సంస్థతో రాజీపడి, చదివే యాప్‌లు ఒకే ఒక్క లింకు పెట్టుకోవచ్చని ఒప్పుకున్నారు. వడ్డించేటప్పుడు నెయ్యి గరిటె వంచీ వంచనట్టు. అదే ఏడాది అమెరికాలో ఆటల కంపెనీ ఎపిక్ వేసిన కేసులో, బయటి లింకులను అడ్డుకోవద్దని కోర్టు ఆదేశించింది. అప్పీళ్లు అన్నీ ముగిశాక, 2024లో, యాపిల్ ఆ తీర్పును భక్తిశ్రద్ధలతో అమలుచేసింది: లింకు పెట్టుకోండి, కానీ దాన్ని నొక్కినవాడు వారంలోపు బయట ఏది కొన్నా మాకు ఇరవై ఏడు ఇవ్వండి. ముప్పైకీ ఇరవై ఏడుకీ మధ్య మిగిలిన మూడు కార్డు ఖర్చులకు సరిపోతుంది. దారి చూపించారు, దారి పొడవునా గేటు పెట్టారు.

లింకు నొక్కగానే తెరంతా నిండే హెచ్చరిక ఒకటి తయారుచేశారు. మీరు మా రక్షణ దాటి వెళ్తున్నారు, అక్కడ ఏం జరిగినా మాకు సంబంధం లేదు అని దాని సారాంశం. పుస్తకం కొనడానికి వెళ్తున్నామా, అడవికి వెళ్తున్నామా అని అనుమానం రావాలి. ‘బయటి వెబ్‌సైట్’ అన్న మాట భయపెట్టేలా ఉంది, పైవాళ్లకు బాగా నచ్చుతుంది అని లోపలి ఉద్యోగులు రాసుకున్న సంగతి కోర్టు తీర్పులోకే ఎక్కింది. 2025 ఏప్రిల్ 30న న్యాయమూర్తి ఇది కోర్టు ధిక్కారమే అన్నారు. పైవాళ్లకు నచ్చినవన్నీ న్యాయమూర్తులకు నచ్చాలని ఎక్కడుంది!

ఆ తీర్పు వచ్చిన వారంలోపే ఐఫోన్లో అమెజాన్ వాళ్ల ఈ-బుక్ యాప్ కిండిల్‌లో పుస్తకం కొనే బటన్ మళ్లీ కనిపించింది. అది మాయమైంది 2011 జులైలో. తిరిగొచ్చింది 2025 మేలో. రెండు నెలలు తక్కువ పద్నాలుగేళ్లు! రాములవారి వనవాసమంత. ఒకటే తేడా, ఆయన తిరిగొచ్చింది సొంత అయోధ్యకి, ఈ బటన్ అమెరికాకి మాత్రమే.

అమెజాన్ కోసం కన్నీళ్లు పెట్టుకునేవాళ్లు కాసేపు ఆగాలి. ముప్పై శాతం అన్యాయమని వాపోయే అదే అమెజాన్, కిండిల్‌లో సొంతంగా పుస్తకం వేసుకునే రచయితకి డెబ్బై ఇస్తుంది, తను ముప్పై ఉంచుకుంటుంది. అదైనా ధర 2.99, 9.99 డాలర్ల మధ్య ఉంటేనే. దాటితే రచయితకి ముప్పై ఐదు, తనకి అరవై ఐదు. ఆ డెబ్బై లెక్కకట్టే ముందే ఫైలు పంపినందుకు మెగాబైటుకి పదిహేను సెంట్లు ‘డెలివరీ’ ఖర్చు ధరలోంచి పట్టుకుంటుంది. కాబట్టి పుస్తకంలో బొమ్మలు పెట్టే రచయిత రెండుసార్లు ఆలోచిస్తాడు. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడు. ఇక్కడ చివరికి తాడిచెట్టు ఎవరో వేరే చెప్పాలా?

నా నవల సంగతి మరిచిపోయాను. బ్రౌజర్ తెరిచి, కంపెనీ పేరు నేనే టైపు చేసి, పాస్‌వర్డ్ మర్చిపోయి, కొత్తది పెట్టి, ఓటీపీ కొట్టి, కార్డు నంబరు ఎక్కించి పుస్తకం కొనేసరికి పన్నెండున్నర. మళ్లీ యాప్‌లోకి వచ్చాను. తలుపు దగ్గర నిలబడింది పాలవాడు.

మర్నాడు పొద్దున్నే యాప్ నన్ను పలకరించింది. అనుభవం ఎలా ఉంది, ఐదు నక్షత్రాలు ఇస్తారా అని. ఈ బటన్ మాత్రం బ్రహ్మాండంగా పనిచేస్తోంది. ఐదూ ఇచ్చాను. లెక్క ప్రకారం అందులో ఒకటిన్నర స్టోర్ వాళ్లవి.