పైరు పిలిచిందా, వాసన జారిందా?

దీపావళి మర్నాడు. గుంటూరు జిల్లాలో నల్లరేగడి పల్లె. వాకిట్లో కాలిన టపాకాయల కాగితాలు ఇంకా ఊడ్వలేదు. మా బాబాయిది మూడెకరాల పత్తి, చుట్టూ బంతి, గట్ల మీద ఆముదం. నా చెల్లెలు శైలజ బాపట్ల వ్యవసాయ కళాశాలలో చదివి, ఇప్పుడు కీటకశాస్త్రంలో పరిశోధన చేస్తోంది. మొక్కలు పురుగులతో మాట్లాడతాయని చదువుకున్న పిల్ల చెబితే పెద్దాయన నవ్వి కొట్టిపారేస్తాడనుకుంటాం. మా ఇంట్లో వ్యవహారం తిరగబడింది. "పురుగు కొరగ్గానే మొక్క కందిరీగని కేకేస్తుంది" అని ఊరంతా చాటేది బాబాయి. ఆ మాట వింటే చిరాకుపడేది శైలజ. పోయిన సెలవుల్లో తను చెప్పిన ప్రయోగాలన్నీ బాబాయి నోటుపుస్తకంలో రాసిపెట్టుకున్నాడు. ఆమె కత్తితో ఆమెనే కొట్టడానికి పొద్దున్నే అరుగెక్కి కూర్చున్నాడు. నేను రాసుకున్నాను. బ్రాకెట్లలో ఉన్నవి నా మాటలు.

బాబాయి: ముందు నేనే ఎత్తుకుంటా. 1990లో ఫ్లోరిడాలో టర్లింగ్స్, టమ్లిన్సన్, లూయిస్ అనేవాళ్లు మొక్కజొన్న మొలకల మీద లద్దె పురుగుల్ని వదిలారు. కొన్ని గంటలయ్యాక మొక్క నుంచి కొత్త వాసనలు మొదలైనయి. ఆ వాసన పట్టుకుని చిన్న కందిరీగ వచ్చింది. పురుగు ఒంట్లో గుడ్డు పెట్టే జాతి అది. బ్లేడుతో ఆకు గీస్తే ఆ వాసన అంతగా రాలా. గీసినచోట పురుగు నోటి రసం పూస్తే వచ్చింది. గిల్లిందెవరో మొక్కకి తెలిసిందా లేదా? తెలిసి అరిచిందా లేదా?

శైలజ: ప్రయోగం నిజమే బాబాయ్. ఆ నోటి రసంలోని పదార్థాన్ని 1997లో విడదీసి వోలిసిటిన్ అని పేరు కూడా పెట్టారు. నా పేచీ 'అరిచింది' అన్న దగ్గరే. పొయ్యి మీద పప్పు మాడితే వీధి చివరిదాకా వాసన పోతుంది. పిన్ని వీధిని భోజనానికి పిలిచినట్టా?

బాబాయి: మాడిన పప్పు ఎవరింట్లోనైనా ఒకటే కంపు. ఇది అట్లా కాదు. 1998లో పొగాకు, పత్తి, మొక్కజొన్న మీద చూశారని నువ్వే చెప్పావు. రెండు పురుగులు, దాయాదుల్లాంటివి. ఏది తింటే దానికో రకం వాసన. ఒకదాని మీదే బతికే కందిరీగ, ఆ పురుగు తిన్న మొక్క దగ్గరికే పోయింది. అంత కచ్చితంగా పేరుపెట్టి చెబితే దాన్ని పప్పు మాడటం అంటావేంది?

శైలజ: తేడా కనిపెట్టింది కందిరీగ. రెండు పురుగులు మొక్కని కదిలించే తీరు వేరు, కాబట్టి బయటికొచ్చే వాసనా వేరు. గుమ్మం ముందు చెప్పులు చూసి లోపల ఎవరున్నారో చెప్పేస్తాం. ఆ మాట మనకి చెప్పులు చెప్పాయా?

(బాబాయి తన చెప్పుల వంక చూసి, కాలితో వాటిని అరుగు కిందికి నెట్టాడు.)

శైలజ: ఇంకోటి అడుగుతా. మాగాణి మినుములో బంగారు తీగ మిమ్మల్ని ఎన్నేళ్లు ఏడిపించింది?

బాబాయి: దాని ఊసెందుకు పొద్దున్నే.

శైలజ: 2006లో దాని చుట్టాన్నే తీసుకుని చూశారు. మొలకకి ఆకుల్లేవు, వేరు నిలవదు. కొద్దిరోజుల్లో ఏదో ఒక మొక్క దొరక్కపోతే చావే. అది టమాటా వైపు వంగింది. టమాటా మొక్కని తీసేసి దాని వాసన ఒక్కటే పెట్టినా అటే వంగింది. మరి టమాటా తన నెత్తురు తాగేవాడిని పేరుపెట్టి పిలిచిందా?

బాబాయి: చూడమ్మా, మా చిన్నప్పుడు ఊరంతటికీ ఫోను పోస్టాఫీసులో ఒకటే. మీ నాన్న అక్కణ్ణుంచి మీ అమ్మతో మాట్లాడితే బయట బల్ల మీద కూర్చున్న పదిమందీ వినేవాళ్లు. పదిమంది విన్నారు కాబట్టి మీ నాన్న మీ అమ్మతో మాట్లాడనే లేదంటావా?

(ఇది బాబాయికే చెల్లింది. శైలజ నవ్వు ఆపుకోలేక కాఫీ గ్లాసు కింద పెట్టింది.)

శైలజ: సరే, ఒప్పుకుంటా, దొంగ విన్నంత మాత్రాన మాట మాట కాకుండా పోదు. కానీ నాన్న మాట్లాడింది అమ్మకి చేరాలని. మొక్కకి ఆ కందిరీగ వల్ల లాభం జరిగిందని, ఆ లాభం వల్లే ఈ వాసన తరతరాలుగా నిలిచిందని చూపిస్తే అప్పుడు దాన్ని సంకేతం అంటాం. అందాకా అది ఆనవాలు. ఈ రెంటికీ తేడా లేదంటే ఇక పరిశోధన ఎందుకు?

బాబాయి: లాభమేగా కావాల్సింది? (పేజీ తిప్పాడు.) 2001. అమెరికాలో యూటా రాష్ట్రం, ఎడారి. అక్కడ అడవి పొగాకు. కెస్లర్, బాల్డ్విన్. గాజు గదుల్లో కాదు, బయట, ఎండలో. పురుగు తింటే వచ్చే వాసనల్ని ఆ మొక్కల మీద పెడితే మిత్రపురుగులొచ్చి గుడ్లు తినేసినయి. తల్లి రెక్కల పురుగులు కూడా అక్కడ గుడ్లు పెట్టడం తగ్గించినయి. రెండూ కలిపితే పురుగులు 90 శాతం పైగా తగ్గొచ్చని లెక్క తేలింది. పొగాకు పండించినోణ్ణి, నాకా నువ్వు పొగాకు గురించి చెప్పేది?

శైలజ: ఆ పని మీద నాకూ గౌరవమే. అయితే అది అడవి మొక్క. ఎవరూ దున్ని, విత్తి, ఎరువేసి పెంచింది కాదు. దాన్ని తెచ్చి మన పొలంలో పెడదాం అన్నప్పుడే కథ అడ్డం తిరుగుతుంది. పేనుబంక కథ చెప్పాను కదా, అది రాసుకోలేదే?

బాబాయి: అది నాకు పనికిరాదని వదిలేశా.

శైలజ: అందుకే నేను చెబుతా. పేనుబంకని ఏదైనా పట్టుకుంటే అది ఒక చుక్క వదులుతుంది. ఆ వాసన తగలగానే పక్కనున్నవి ఆకు వదిలేసి కిందికి దూకుతాయి. ఇంగ్లండులో రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రం వాళ్లు ఆ వాసన తయారుచేసే జన్యువుని పెప్పర్‌మింట్ పుదీనా నుంచి తెచ్చి గోధుమలో పెట్టారు. ల్యాబులో బ్రహ్మాండంగా పనిచేసింది. పేనుబంక పారిపోయింది, కందిరీగలు వెతుక్కుంటూ వచ్చాయి. 2012, 2013లో పొలంలో వేశారు. జన్యుమార్పిడి పైరని నిరసన ఊరేగింపులు, చుట్టూ కంచె, కాపలా. 2015లో ఫలితం అచ్చయింది. మామూలు గోధుమకీ దీనికీ తేడా లేదు. పేనుబంకా తగ్గలేదు, కందిరీగా పెరగలేదు.

బాబాయి: ఎందుకని?

శైలజ: ఆ గోధుమ రాత్రింబవళ్లు ఆపకుండా వాసన వదులుతూనే ఉంది. అసలు పేనుబంక అయితే ప్రమాదం వచ్చినప్పుడే ఒక్కసారి వదులుతుంది. అది కారణమై ఉండొచ్చని వాళ్లే రాశారు. నాన్నా పులి కథే.

బాబాయి: దొరికావు! నాన్నా పులి కథలో పిల్లాడి కేకకి అర్థం ఉంది గనకే అది అబద్ధమైంది. ఉత్త కంపుకి అబద్ధం ఎక్కడిది? ఎప్పుడు వదలాలి, ఎంత వదలాలి అనేది కూడా లెక్కేనని నువ్వే చెప్పావిప్పుడు. లెక్క ఉన్నచోట మాట ఉన్నట్టే.

(నా ఓటు అడిగితే, ఆ పొద్దుటి వాదనలో అన్నిటికన్నా గట్టి దెబ్బ ఇదే. శైలజ కాసేపు మాట్లాడలేదు.)

శైలజ: అది పేనుబంక మాట బాబాయ్, గోధుమ మాట కాదు. పురుగూ పురుగూ మాట్లాడుకుంటాయంటే నేనెప్పుడు కాదన్నాను? 1959లో జర్మనీలో బుటెనాన్ట్ అనే రసాయన శాస్త్రవేత్త ఐదు లక్షల ఆడ పట్టుపురుగు రెక్కల పురుగుల నుంచి మగదాన్ని రప్పించే పదార్థాన్ని చిటికెడు తీశాడు. మీ చేలో వేలాడే లింగాకర్షక బుట్ట ఆ దారిలోంచి వచ్చిందే. ఆడది పంపింది, మగది అందుకుంది. చిరునామా ఉన్న ఉత్తరం. మీ బంతి సంగతి చెప్పండి. శనగపచ్చ పురుగు తల్లి బంతి పువ్వు వెతుక్కుంటూ వచ్చి గుడ్లు పెడుతుంది. మనం ఎర పంట అని మురిసిపోతాం. నా మీద గుడ్లు పెట్టమని బంతి పిలుస్తుందా?

బాబాయి: పిలవదు. బంతిని నేను బలిస్తున్నా, అది నిజమే. కానీ మొక్కజొన్న వేళ్ల సంగతి మాట్లాడవేం? వేరుపురుగు కొరికితే వేరు నుంచి లవంగాల్లో, మిరియాల్లో ఉండే వాసనలాంటిది ఒకటొస్తుంది...

శైలజ: కారియోఫిల్లీన్.

బాబాయి: అదే. దాన్ని పట్టుకుని మట్టిలో నులిపురుగులు పాక్కుంటా వచ్చి ఆ పురుగుని చంపుతయి. 2005లో బయటపెట్టారు. అమెరికా రకాలు చాలా వాటికి ఆ వాసనే పోయింది. దిగుబడి దిగుబడి అని ఎంచుకుంటా పోయి మొక్క నోరు నొక్కేశారు! 2009లో ఆ వాసన చేసే జన్యువుని ఒరెగానో మొక్క నుంచి తెచ్చి పెడితే పొలంలోనే వేళ్లకి దెబ్బ తగ్గింది. గోధుమ ఓడిపోయింది సరే, మరి ఇది గెలిచిందిగా?

శైలజ: గెలిచింది. అందుకే నేను పనికిరాదు అనట్లేదు. ఒకచోట గెలిచిన వాసన ఇంకోచోట ఎందుకు ఓడిందో అడగాలి అంటున్నా. మీరు 'మొక్క పిలుస్తుంది' అని ఊళ్లో చెబితే జనం ఆ ప్రశ్న దగ్గరికే రారు. చేతులు కట్టుకుని కందిరీగ కోసం కూర్చుంటారు.

బాబాయి: కెన్యా వాళ్లు చేతులు కట్టుకుని కూర్చున్నారా? జొన్నకీ మొక్కజొన్నకీ కాండం తొలిచే పురుగు, మన ఆసియా నుంచి పోయిందే, వాళ్ల కొంప ముంచితే సాళ్ల మధ్య డెస్మోడియం అనే పప్పుజాతి మొక్క వేశారు, చేను చుట్టూ నేపియర్ గడ్డి వేశారు. మధ్యది వాసనతో తరుముతుంది, అంచుది వాసనతో లాగుతుంది. నేపియర్ మీద పుట్టిన పిల్లపురుగులు చాలావరకు బతకవు. మిగిలింది గేదెకి మేత. ఇంతకంటే ఏం కావాలి?

శైలజ: దాంట్లో డెస్మోడియం తరుముతుందన్న మాటే ఇప్పుడు తగాదాలో ఉంది. కత్తెర పురుగు మీద ఈమధ్య ఒక బృందం చూస్తే తల్లి పురుగు పారిపోలేదు. ఆ ఆకుల మీద కొక్కేల్లాంటి నూగులో పిల్లపురుగులు చిక్కుకుని చచ్చాయి. ఇంకో బృందం రైతుల పొలాల్లోనే కొలిచి, వాసనలు దండిగా ఉన్నాయంది. తేలలేదు. రైతుకి ఫలితం వచ్చింది, కాదనను. కానీ నూగు చేసిన పనికి వాసనకి దండ వేస్తే రేపు నూగు లేని రకం విత్తనం అమ్ముతారు. అప్పుడేం చేస్తారు?

(దీనికి బాబాయి దగ్గర పేజీ లేదు. బీడీ వెలిగించబోయి, పిన్ని దగ్గుకి ఆపేశాడు.)

బాబాయి: నువ్వు ల్యాబులో ఉంటావు, ఏ మాట వాడాలా అని నీ బాధ. నాకు మాట కాదు, ఓపిక కావాలి. మొక్క పిలుస్తుందని నమ్మితేనే ఆకుకి నాలుగు చిల్లులు చూసి మందు డబ్బా ఎత్తకుండా ఒక వారం ఆగగలను. ఆనవాలు, సంకేతం అంటే ఏ రైతు ఆగుతాడు?

శైలజ: ఆకు తినే లద్దె పురుగైతే ఆగండి. నేనూ అదే చెబుతా. మందు కొడితే ముందు పోయేది కందిరీగే. గులాబీ రంగు పురుగుకి మాత్రం ఆగొద్దు. గుడ్డు పగలగానే పిల్లపురుగు కాయలోకి దూరిపోతుంది. లోపల చేరాక మీ కందిరీగ దాన్ని అందుకోవడం కష్టం. గుడ్లమీదికి, వాటిని చంపే బుల్లి కందిరీగలుండే ట్రైకో కార్డులు కట్టాలంటే తల్లి పురుగు ఎప్పుడొచ్చిందో ముందు తెలియాలి. అది చెప్పేది బుట్టే. బుట్టకి రాత్రికి 8 రెక్కల పురుగులు, వరసగా మూడు రాత్రులు పడితే ఇక మొక్క మాట వినక్కర్లేదు.

బాబాయి: పురుగు చేరి విచ్చుకోని గుడ్డి పూలు కూడా కనపడలా ఇంకా.

శైలజ: పొద్దున బుట్ట చూశారా?

బాబాయి: నిన్న రాత్రి ఇన్ని బాంబులు, ఇంత పొగ. మగ పురుగుకి ఆడదాని వాసన ఎక్కడ తెలిసి ఉంటుంది?

శైలజ: పొగ వాసనల్ని చెడగొడుతుందనేది నిజమే. డీజిల్ పొగలో తేనెటీగలు పూల వాసన గుర్తుపట్టలేకపోయాయని 2013లో చూపించారు. అయినా బుట్ట చూశారా, లేదా?

బాబాయి: చూశా.

శైలజ: ఎన్ని?

బాబాయి: ఏడు.

శైలజ: బాబాయ్.

బాబాయి: ఎనిమిది అన్నావు కదే అమ్మడూ. ఏడు.