నెలలు నిండని బిడ్డకు హెచ్ఐవీ ఖాయమన్న మాట తప్పు

"హెచ్ఐవీ ఉన్న తల్లికి ఏడో నెలలోనో ఎనిమిదో నెలలోనో కాన్పయితే బిడ్డకూ వచ్చినట్టే. పుట్టగానే టెస్టు చేస్తే పాజిటివే. అంత చిన్న ప్రాణం మందులకు తట్టుకోదు. తల్లిపాలు అసలే పట్టకూడదు." వాట్సాప్ గ్రూపుల్లో తెగ తిరుగుతున్న మాటలివి. వీటిని నమ్మి ఎవరైనా బిడ్డకు మందు మానేస్తారేమోనని నా భయం.

నెలలు నిండని పిల్లలకు ముప్పు కొంత ఎక్కువన్నది నిజమే. చర్మం, పేగుల లోపలి పొర ఇంకా పలచగా ఉంటాయి, రోగనిరోధక శక్తీ తక్కువే. ఉమ్మనీరు ముందే పోయి కాన్పు ఆలస్యమైతే ముప్పు ఇంకా పెరుగుతుంది. అంతమాత్రాన ఖాయం అనడానికి లేదు. ఏ మందూ వాడకపోయినా తల్లి నుంచి వైరస్ సోకేది నూటికి 15 నుంచి 45 మంది పిల్లలకే. తల్లి ఏఆర్‌టీ మందులు (హెచ్ఐవీని అణచి ఉంచే మందులు) క్రమం తప్పకుండా వాడి, కాన్పు నాటికి వైరల్ లోడ్, అంటే రక్తంలోని వైరస్ మోతాదు, బాగా తగ్గితే అది ఒక శాతం దరిదాపుల్లోకి వస్తుంది. అన్నిటికంటే ముఖ్యం తల్లి రక్తంలో వైరస్ ఎంత ఉందన్నదే. మన దేశంలో హెచ్ఐవీ ఉన్న ప్రతి గర్భిణికీ జీవితాంతం ఏఆర్‌టీ ఇవ్వాలన్న విధానం 2014 నుంచే ఉంది.

ఇక టెస్టు సంగతి. మామూలు రాపిడ్ టెస్టు పట్టుకునేది వైరస్‌ని కాదు, దాన్ని ఎదుర్కోవడానికి ఒంట్లో తయారయ్యే యాంటీబాడీలను. మాయ గుండా వచ్చిన తల్లి యాంటీబాడీలు బిడ్డలో 18 నెలల దాకా ఉండొచ్చు. అందుకే వైరస్ ఏమాత్రం సోకని బిడ్డకూ పాజిటివ్ వస్తుంది! ఆ కాగితం చూసి ఇల్లంతా ఏడవక్కర్లేదు. ఆరో వారంలో మడమ దగ్గర గుచ్చి, కొన్ని రక్తపు చుక్కలు కార్డు మీద ఆరబెట్టి పీసీఆర్ పరీక్షకు పంపుతారు. వైరస్ ఉందో లేదో చెప్పేది అది. అందులో నెగెటివ్ వచ్చినా, పాలు తాగే బిడ్డకు ఆ తర్వాతి పరీక్షలు మానకూడదు.

మందులకు తట్టుకోదన్నది మరీ అన్యాయం. బిడ్డకు వైరస్ సోకకుండా ఇచ్చే నెవిరపిన్ సిరప్ మోతాదు బరువును బట్టే ఉంటుంది. 2 కిలోల లోపు బిడ్డకు కిలోకు 2 మిల్లీగ్రాములు, రోజుకు ఒక్కసారి. కిలోన్నర బిడ్డకైతే 3 మిల్లీగ్రాములు, అంటే మిల్లీలీటరుకు 10 మిల్లీగ్రాములుండే సిరప్ అయితే సిరంజిలో 0.3 మిల్లీలీటరు. జిడోవుడిన్ అనే మరో హెచ్ఐవీ మందు ఇవ్వాల్సి వస్తే, కాలేయం ఇంకా ఎదగలేదు కాబట్టి మోతాదు తగ్గిస్తారు. లోపినావిర్ అనే ఇంకో హెచ్ఐవీ మందు సిరప్‌లో మాత్రం ఆల్కహాల్ ఎక్కువ, అందుకే ఇంత చిన్న పిల్లలకు దాన్ని వాడరు. ఒక మందు పనికిరాదని అన్నీ మానేస్తారా?

పాల విషయానికొస్తే, నెలలు నిండని బిడ్డకు డబ్బాపాలతో పేగులు దెబ్బతినే జబ్బు ముప్పు పెరుగుతుంది. ఆఫ్రికా దేశాల్లోనూ మన దేశంలోనూ జరిగిన ప్రామిస్ అనే పరిశోధనలో తల్లి ఏఆర్‌టీ వాడినా, బిడ్డకు నెవిరపిన్ ఇచ్చినా, పాల ద్వారా ఏడాదిలో వైరస్ సోకింది నూటికి ఒక్కరికంటే తక్కువే. తల్లి మందులు వాడుతుంటే ఆరు నెలలు తల్లిపాలే పట్టమని, డబ్బాపాలు కలపొద్దని మన దేశంలో డాక్టర్లు చెప్పేది అందుకే.

నెవిరపిన్ సిరప్ బిడ్డ పుట్టిన వెంటనే మొదలవ్వాలి. కాన్పు ముందుగా వచ్చేలా ఉంటే ఆ మాట ఆసుపత్రిలో అప్పుడే అడిగి పెట్టుకోండి. అనుమానాలుంటే హెచ్ఐవీ హెల్ప్‌లైన్ 1097కు ఫోన్ చేయండి, డబ్బులేమీ పడవు.