‘ఐ కె’ గారికి ఒక అద్దెదారు లేఖ

మహారాజశ్రీ ‘ఐ కె’ గారికి,

నిన్న మధ్యాహ్నమంతా గడప దాటకుండా, గీజర్ బాగుచేసే మనిషి కోసం మాద్రిద్‌లో ఓ మూడో అంతస్తులో కాపలా కాశాను. ఎవరూ రాలేదు. స్పానిష్‌లో ఎవరో చెప్పకుండా ‘చెయ్యాలి’ అనిపించే మాట తమరు. అందుకే తమరికి ఈ నాలుగు ముక్కలు.

మా ఓనరు వారం కిందటే "ఐ కె అర్రెగ్లార్లో" అన్నాడు. బాగుచెయ్యాలి అని. ఎంత నిండుగా అన్నాడో! నిట్టూర్చాడు, గీజర్ మీద చెయ్యి వేసి సానుభూతి కూడా చూపించాడు. ఎవరు చెయ్యాలో తప్ప అన్నీ చెప్పాడు. తమరి మహిమే అది. తెంగో కె అంటే నేను, తియేనెస్ కె అంటే నువ్వు, తెనేమోస్ కె అంటే మనం. పాపం ఆ తెనేర్ క్రియ, మనిషి మనిషికీ రూపం మార్చుకుని, బాధ్యత ఎవరిదో చెప్పి చస్తుంది. తమరికా బెడద లేదు. పని ఉంటుంది, కర్త ఉండడు. గట్టిగా అడిగితే, తమరి మరో వేషంతో, "అబ్రీయ కె మిరార్లో" అన్నాడు. చూడాల్సి ఉంటుందేమోనట! మా ఊళ్లో "చూద్దాం" అని తప్పించుకునేవాడు కూడా ఆ మాటలో తనను కలుపుకుంటాడండీ.

తమరి బంధువర్గం మాత్రం తక్కువదా? దేబె వెనీర్ అంటే మెకానిక్ రావాలి. మధ్యలో ‘దె’ దూరిస్తే, వస్తాడేమో. ఫోన్లో ఆ ‘దె’ వినపడి చావదు. నేను స్నానం చెయ్యాలనుకుంటే కియేరో దుచార్మె చాలు. ఓనరు బాగుచెయ్యాలని నేను కోరుకుంటే మాత్రం సుబ్‌హుంతీవో అనే కోరికల క్రియారూపం దిగాలి, అర్రెగ్లార్ కాస్తా అర్రెగ్లె కావాలి. ఎదుటివాడి మీద ఆశ పెట్టుకున్నందుకు జరిమానా అన్నమాట. ఇక అరబ్బీ నుంచి వచ్చిన ఆ ఓహలా! "ఓహలా వెంగ మన్యాన", దేవుడి దయవల్ల రేపు వస్తే బాగుండు, అని ఓనరు భారమంతా దేవుడి మీదికి నెట్టేశాడు.

అయినా తెలియక అడుగుతాను, ఎవడు చెయ్యాలయ్యా? గోడా? గొట్టమా? కింద భవనం గుమ్మంలో పడుకునే పిల్లియా? నువ్వు నోట్లో పడితే చాలు, ఈ దేశంలో ఏ పనికీ దిక్కుండదు.

ఇవాళ ఒకటో తారీకు. ఓనరు ఫోన్ చేశాడు. నేనూ ఆయనలాగే నిట్టూర్చి, "సీ, సీ, ఐ కె పగార్ ఎల్ అల్కిలేర్" అన్నాను. అద్దె కట్టాలి, నిజమే కదా.

"తియేనెస్ కె పగార్లో తూ", కట్టాల్సింది నువ్వే, అన్నాడు, గుక్క తిప్పుకోకుండా.

అప్పుడెక్కడ దాక్కున్నావయ్యా?

ఇట్లు,
మూడో అంతస్తు అద్దెదారు