ఫిజిక్స్ చదివే పిల్లల్ని చూసి జాలిపడకండి

ఇప్పుడే బెంగళూరు కేఆర్ పురంలో ఒక గృహప్రవేశానికి వెళ్లొచ్చాను. పట్టుచీర కూడా మార్చుకోకుండా ఇది రాస్తున్నాను, అంత ఒళ్లు మండుతోంది.

మా పిన్ని కూతురు బీఎస్సీ ఫిజిక్స్ ఫైనలియర్. ఐఐటీల్లో ఎమ్మెస్సీ లాంటి కోర్సులకి రాసే జామ్ పరీక్షలో మంచి ర్యాంకు తెచ్చుకుంది, బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ (ఐఐఎస్సీ)లో ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ కలిపి చేసే ఇంటిగ్రేటెడ్ పీహెచ్‌డీ ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది. భోజనాల దగ్గర పక్కన కూర్చున్న పెద్దాయన, వరసకి మాకు బాబాయే, "ఏం చదువుతున్నావమ్మా?" అనడిగాడు. చెప్పింది. పప్పులో నెయ్యి వేయించుకుంటూ "అయ్యో, ఎంసెట్‌లో సీటు రాలేదా తల్లీ?" అన్నాడు. అక్కడితో ఆగాడా? "పోన్లే, ఆర్నెల్లు పైథాన్ నేర్చుకో, మా కంపెనీలో నేను రిఫర్ చేస్తా" అని ఓదార్పు. ఐఐఎస్సీ గుమ్మందాకా వెళ్లిన పిల్ల ఏదో తప్పు చేసినట్టు తలొంచుకుని అన్నం కెలుకుతూ కూర్చుంది. అది చూసి నాకు ముద్ద దిగలేదు.

ఆ పిల్ల ఎంసెట్ రాసింది. ర్యాంకూ వచ్చింది. ఇంజనీరింగ్ వద్దంది, ఫిజిక్స్ కావాలంది. ఒక పిల్ల ఇష్టపడి ఈ చదువు కోరుకుంటుందని మనవాళ్ల ఊహకే అందదు. మిగిలిపోయినవాళ్లు చేరే కోర్సు అని తీర్మానించేశారు.

ఆ బాబాయ్ ఆఫీసు ఇక్కడి కోరమంగళలో. ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆస్ట్రోఫిజిక్స్ ఉన్నదీ అదే కోరమంగళలో. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి సూర్యుణ్ని పరిశీలించే ఆదిత్య ఎల్1 ఎగిరిన రోజు ఫ్యామిలీ గ్రూపులో అందరికంటే ముందు జెండాలు పెట్టింది ఈ బాబాయే. అందులో సూర్యుడి కరోనాను, అంటే బయటి వాతావరణాన్ని, చూసే ప్రధాన పరికరాన్ని తయారుచేసింది ఆ ఆస్ట్రోఫిజిక్స్ సంస్థే. రాకెట్ ఎగిరితే గర్వం, ఆ చదువే మనింటి పిల్ల చదివితే జాలి! ఐఐఎస్సీకి 1957 నుంచి 1962 వరకు డైరెక్టర్‌గా చేసిన సూరి భగవంతం గారు అప్పటి మన కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టినవారు, ఫిజిక్స్ మనిషి. సి.వి. రామన్ బడి చదువు సాగింది విశాఖపట్నంలో. ఆయన 1907లో ఎంఏ ఫిజిక్స్ పూర్తిచేస్తే సైన్సులో బతుకుతెరువు లేక కలకత్తాలో లెక్కల ఆఫీసులో చేరాల్సొచ్చింది. పదేళ్లు పగలంతా ప్రభుత్వ లెక్కలు చూసి, పొద్దునా రాత్రీ ప్రయోగాలు చేసుకున్నారు. అది 1907 సంగతి. ఇప్పటికీ మన పిల్లలకి అదే దారి చూపిస్తామా?

నా సంగతి చెప్తాను. నేను మెడికల్ ఫిజిసిస్ట్‌ని. ఎమ్మెస్సీ ఫిజిక్స్ తర్వాత రేడియొలాజికల్ ఫిజిక్స్‌లో డిప్లొమా చేసి, ఈ ఊళ్లోనే క్యాన్సర్ రోగులకి రేడియేషన్ ఇచ్చే విభాగంలో పనిచేస్తున్నాను. మా చుట్టాల్లో సగం మందికి నేను "ఎక్స్‌రే తీసే అమ్మాయి"ని. ఎక్స్‌రే తీసేవాళ్ల పని తక్కువదని కాదు, అది నా పని కాదు. నేను చేసేది ఇది: రోగికి రేడియేషన్ ఇచ్చే లీనాక్ యంత్రం కింద నీళ్ల తొట్టి పెట్టి, అందులో రేడియేషన్‌ని కొలిచే చిన్న అయాన్ ఛాంబర్ ముంచి, యంత్రం ఇస్తున్న డోసు ఎంతో కొలుస్తాను. ఆ ఛాంబర్‌లో ఉండేది మామూలు గాలి. బెంగళూరు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది, కాబట్టి ఇక్కడ గాలి ఒత్తిడి చెన్నైలో కంటే ఇంచుమించు పది శాతం తక్కువ. ఛాంబర్‌లో గాలి తగ్గితే రీడింగూ తగ్గుతుంది. ఉష్ణోగ్రత, పీడనం చూసి ఆ రీడింగు సరిచేయకపోతే యంత్రమే తక్కువ ఇస్తోందనుకుని డోసు పెంచేస్తాం. అప్పుడు రోగి ఒంట్లోకి పది శాతం ఎక్కువ రేడియేషన్ పోతుంది. ఇంటర్ ఫస్టియర్‌లో మార్కుల కోసం బట్టీపట్టిన వాయు సమీకరణమే ఇది. మా విభాగంలో ఒక మనిషి గొంతు కాలిపోకుండా కాపాడుతోంది.

నిజానికి బాబాయ్ మీద కంటే నాకు కోపం నేను చదివిన డిగ్రీ కాలేజీ మీద. ఇన్నేళ్లయినా తగ్గలేదు. మూడేళ్లలో ఒక్క లెక్చరర్ నోటి నుంచి జామ్ అనే మాట వినలేదు. పరిశోధన సంస్థల్లో చేరడానికి రాసే జెస్ట్ పరీక్ష పేరూ అంతే. నోటీసు బోర్డు మీద బీఈడీ ప్రకటన, దాని పక్కన బ్యాంకు కోచింగ్ పాంప్లెట్. ల్యాబ్‌లో ఉన్న ఒక్క స్పెక్ట్రోమీటర్‌కి టెలిస్కోప్ బిగుసుకుపోయి కదిలేది కాదు. సీనియర్ల రికార్డులో రీడింగులు దింపుకోమని సారే చెప్పారు. క్లాసులో అందరికంటే బాగా చదివే నా స్నేహితురాలు, క్వాంటమ్ మెకానిక్స్ సొంతంగా చదువుకున్న పిల్ల, ఆడపిల్లకి బీఈడీ చాలన్నారని అందులో చేరింది. టీచరు కావాలని తను ఎప్పుడూ అనుకోలేదు. ఆ పిల్లకి ఆ రోజు ఒక్కరు ఒక్క మాట చెప్పుంటే! ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కళ్లలో నీళ్లొస్తాయి.

కష్టాలు లేవని నేననడం లేదు. పీహెచ్‌డీకి ఐదారేళ్లు పడుతుంది, ఆ తర్వాత పోస్ట్‌డాక్ అని కొన్నేళ్ల తాత్కాలిక పరిశోధన, ఫ్యాకల్టీ ఉద్యోగాలు తక్కువ. తల్లిదండ్రుల టెన్షన్ నాకు తెలుసు. కానీ ఖాళీ చేతులతో కూర్చోరు. ఎమ్మెస్సీ వాళ్లు రాసే సీఎస్ఐఆర్ నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ (పరిశోధనకిచ్చే ఫెలోషిప్) వస్తే 2023 జనవరి నుంచి నెలకి 37,000 ఇస్తున్నారు, రెండేళ్ల తర్వాత 42,000, హెచ్ఆర్ఏ అదనం. పరిశోధన వద్దనుకుంటే ఎమ్మెస్సీ తర్వాత గేట్ రాసి ఎంటెక్‌లోకి వెళ్లొచ్చు. ఆప్టిక్స్ ఉంది, సెమీకండక్టర్లు ఉన్నాయి, నేను చేస్తున్న పని ఉంది. 2023లో కేంద్రం క్వాంటమ్ మిషన్‌కి ఆరు వేల కోట్లకు పైగా కేటాయించింది, ఆ పని చేయడానికి ఎవరు కావాలి మరి? సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్లాలనుకున్న పిల్లలు వెళ్లనీ, నాకేం అభ్యంతరం లేదు. ఇన్ని దారులున్నాయని తెలిశాక వెళ్లనీ.

మీ ఊళ్లో, మీ బంధువుల్లో బీఎస్సీ ఫిజిక్స్ పిల్లలుంటే ఈ పోస్టు పంపండి. సెకండియర్‌లోనే పంపండి, ఫైనలియర్ అయిపోయాక కాదు. జామ్ దరఖాస్తులు మామూలుగా సెప్టెంబరులో మొదలవుతాయి, పరీక్ష ఫిబ్రవరిలో. జెస్ట్ ఒక్క పరీక్షతో చాలా పరిశోధన సంస్థల ఇంటర్వ్యూలకి అర్హత వస్తుంది. ఏ పిల్లకి ఏ సందేహం ఉన్నా నాకు మెసేజ్ పెట్టమనండి, డ్యూటీ అయ్యాక ప్రతి ఒక్కరికీ జవాబిస్తాను.