సవరణ: ఎయిర్‌పోర్ట్ దగ్గర లెక్క 45 కాదు

మొన్న పోస్ట్‌లో ఇండ్లుండే చోట రాత్రి సౌండ్ 45 డెసిబెల్స్ దాటకూడదని రాసినా కదా, అది 2000 నాటి రూల్స్‌లో మామూలు కాలనీలకు పెట్టింది. ఎయిర్‌పోర్ట్ చుట్టుపక్కలకు 2018లో వేరే నోటిఫికేషన్ ఉంది, ఏడాదికి 50 వేలకు పైగా టేకాఫ్‌లు ల్యాండింగ్‌లు ఉండే బిజీ ఎయిర్‌పోర్ట్ అయితే పగలు 70, రాత్రి 65. మన కర్నూలు ఎయిర్‌పోర్ట్ ఓర్వకల్లు ఆ లిస్ట్‌లోకి యాడొస్తాది, శంషాబాద్, బెంగళూరు లాంటివాటికే ఇది. 20 తేడానే కదా అనుకోవద్దండి, డెసిబెల్ కిలోల మాదిరి కాదు, 10 పెరిగితే చెవికి దాదాపు డబుల్, 20 అంటే నాలుగింతలు. అదీ యావరేజే, ఫ్లైట్ నెత్తిమీద పోయేటప్పుడు మీటర్ ఇంకా పైకి పోతాది. బెంగళూరు ఎయిర్‌పోర్ట్ ఉండే దేవనహళ్లి పక్క ఇల్లు చూస్తుండే మన కర్నూలోళ్లు రన్‌వే ఏ దిక్కుకుందో చూసుకోండి, దాని కొసకు సూటిగా ఉండే ఊర్లకే మోత జాస్తి.